ఇంటి మరమ్మతులు – ప్రశ్నలు, జవాబులు: బిగుసుకుపోయిన కుళాయిలు, కదలని వాల్వులు

ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలా వరకు ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికి కొంత వివరంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: సత్యనారాయణపురంలోని మా ఇల్లు 1980ల్లో కట్టినది. స్నానాలగదిలో కుళాయి వాషరు మార్చినా కారుతూనే ఉంది. కుళాయినే మార్చేద్దామంటే పైపు రెంచితో ఎంత తిప్పినా కదలడం లేదు. రెంచి పిడికి ఇనుప గొట్టం తొడిగి బలంగా లాగుదామని మా అబ్బాయి అంటున్నాడు. గోడలో పైపు విరుగుతుందని నేను వద్దంటున్నాను. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మాటే వినాలండీ. అయితే విరిగేది కుళాయి దగ్గర కాదనీ, మీకు కనబడని చోటనీ తెలిస్తే మీ అబ్బాయి కూడా ఆ గొట్టాన్ని పక్కన పెడతారు.

అన్నిటికన్నా ముందు, ఆ కుళాయిని గోడ నుంచి ఊడదీయవలసిన అవసరం అసలు ఉందా అన్నది చూడండి. కొత్త వాషరు వేసినా నీరు ఆగడం లేదంటే, వాషరు ఆనుకునే లోపలి ఇత్తడి అంచు గుంటలు పడి ఉండే అవకాశం ఎక్కువ. కుళాయి పై భాగాన్ని మాత్రమే విప్పి, ఆ అంచును చదును చేసే చిన్న పనిముట్టును లోపలికి దింపి నాలుగు చుట్లు తిప్పితే చాలా కుళాయిలు మళ్ళీ బాగుపడతాయి. ఈ పనిముట్టును తన సంచిలో ఉంచుకునే ప్లంబరు దొరికితే మీ సమస్య గోడ దాకా వెళ్ళకుండానే తీరిపోవచ్చు. పై భాగాన్ని విప్పేటప్పుడు కూడా కుళాయి ఒంటిని మరొక రెంచితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే పైన తిప్పిన బలమంతా గోడలోకే పోతుంది.

ఊడదీయక తప్పదనుకుంటే, అది ఎందుకు బిగుసుకుపోయిందో తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. ఆ కాలపు ఇళ్ళలో గోడలో ఉండేది సాధారణంగా జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుంది: జీఐకి అంటుకుంటుంది, ఇత్తడికి అంటుకోదు. ఇత్తడి, జింకు, ఇనుము ఒకే చోట నీటిలో తడుస్తూ ఉంటే ముందు జింకు, ఆ తరువాత ఇనుము తినివేయబడతాయి. అలా పుట్టిన తుప్పు, తాను పుట్టిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, మరల మధ్య ఉన్న సందునంతా నింపేస్తుంది. దీనికి తోడు పైపు మరలు నిటారుగా ఉండవు, 16 పాళ్ళ పొడవుకు ఒక పాలు చొప్పున కొసకు సన్నబడుతూ ఉంటాయి కనుక బిగించే కొద్దీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. టెఫ్లాన్ టేపు వాడుక విస్తరించక ముందు జాయింటుకు నార చుట్టి సఫేదా అనే తెల్లని ముద్ద పూసేవారు. అది ఏళ్ళ తరబడి ఎండి రాయిలా గట్టిపడుతుంది. పాత సఫేదాలో సీసం ఉండవచ్చు కాబట్టి దానిని గీకినప్పుడు పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుని, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. మీ కుళాయి గోడలో ఉన్న ఒక ఎల్బోలో, అంటే పైపు మలుపు ముక్కలో, బిగించి ఉంటుంది, ఆ ఎల్బో రెండవ కొస కింది నుంచో పక్క నుంచో వచ్చే పైపుకు బిగించి ఉంటుంది. మీరు కుళాయిని తిప్పినప్పుడు కుళాయి, ఎల్బోల మధ్య జాయింటు వదలకపోతే, ఆ బలానికి ఎల్బోయే సిమెంటులో కొంచెం కదులుతుంది. అది వెంట్రుకవాసి కదిలినా చాలు, దాని వెనుక ఉన్న పాత జాయింటులో ఎండిపోయిన నార పగులుతుంది. ఆ రోజు ఏమీ కనబడదు. కొత్త కుళాయి చక్కగా పనిచేస్తుంది, అందరూ సంతోషిస్తారు. కొన్ని వారాల తరువాత పక్కగది గోడకు చెమ్మ దిగి సున్నం పొరలు పొరలుగా రాలడం మొదలవుతుంది, దానికీ కుళాయి మార్చడానికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు కూడా. రెంచికి గొట్టం తొడిగితే పిడి పొడవు ఎన్ని రెట్లు పెరిగితే తిప్పే బలం అన్ని రెట్లు పెరుగుతుంది, కానీ లోపల ఏది వదులుతోందో మన చేతికి తెలిసే వీలు అదే మేరకు పోతుంది. అందుకే నేను గొట్టం తొడగడాన్ని గోడలోని జాయింటుల విషయంలో పూర్తిగా వ్యతిరేకిస్తాను.

కాబట్టి మేడ మీద ట్యాంకు వాల్వు కట్టి, కింది కుళాయి తెరిచి నీరంతా వదిలిన తరువాత, కుళాయి వెనుక ఉన్న టైలు అంచునూ సిమెంటునూ చిన్న ఉలితో కొద్దికొద్దిగా తొలిచి ఎల్బో మూతిని బయటపెట్టండి. ఒక రెంచితో ఆ ఎల్బోను కదలకుండా పట్టుకుని, రెండవ రెంచితో కుళాయిని తిప్పాలి. ముందు రోజు రాత్రి జాయింటు చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. మధ్యలో ఒకటి రెండుసార్లు ఎల్బో మూతి మీద చిన్న సుత్తితో తేలికగా తడుతూ ఉంటే తుప్పు పొరలో సన్నని పగుళ్ళు పడి నూనె లోపలికి దిగుతుంది. ఉదయం మొదట విప్పే దిక్కుకు కాకుండా, బిగించే దిక్కుకు ఒక పిసరు తిప్పి చూడండి. ఆ కాస్త కదలికతో పట్టు వదిలితే తరువాత అటూ ఇటూ ఆడిస్తూ ఎడమకు తెచ్చుకోవచ్చు. అర అంగుళం పైపుకు అంగుళానికి 14 మరలు ఉంటాయి, అంటే పూర్తి చుట్టు తిరిగినా కుళాయి బయటికి వచ్చేది రెండు మిల్లీమీటర్ల లోపే. మరలు కొసకు సన్నబడి ఉండటం వల్ల మొదటి పావు చుట్టే కష్టం, అది దాటితే మిగిలినది చేత్తోనే వచ్చేస్తుంది.

వేడి నీళ్ళు పోస్తే వదులుతుందని చాలామంది చెబుతారు. అందులో నిజం ఉంది, కానీ వేడిగా ఉన్నప్పుడే తిప్పడం పొరపాటు. ఇత్తడి ఇనుము కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఇక్కడ లోపల ఉన్నది ఇత్తడి, బయట ఉన్నది ఇనుము కాబట్టి వేడి మీద జాయింటు మరింత బిగుస్తుంది. మరిగే నీటిలో ముంచిన గుడ్డను చుట్టి, కొంతసేపు ఉంచి, పూర్తిగా చల్లారిన తరువాత ప్రయత్నించాలి. వ్యాకోచించి మళ్ళీ కుంచించుకునే క్రమంలో తుప్పు పొర నలిగి పట్టు తప్పుతుంది. టైల్స్ ఉన్న గోడ దగ్గర నిప్పు మంట మాత్రం పెట్టవద్దు.

రెండు రెంచీలతో, మామూలు చేతి బలంతో రాకపోతే అక్కడితో ఆపండి. కుళాయి ఎలాగూ పారవేసేదే కనుక దానిని గోడ బయట కోసేసి, ఎల్బోలో మిగిలిన ఇత్తడి కంకణాన్ని విడిగా తీయడం మేలు. హాక్సా బ్లేడును ఒక కొస గుడ్డతో చుట్టి పట్టుకుని, ఆ కంకణాన్ని లోపలి వైపు నుంచి పొడవునా ఒక గాటు, దానికి దగ్గరలో మరొక గాటు కోయాలి. రాలే పొడి పసుపు రంగులో ఉన్నంత వరకు మీరు ఇత్తడినే కోస్తున్నారు, పొడిలో నలుపు కనిపించిందంటే బ్లేడు ఎల్బో మరలను తాకిందని అర్థం, వెంటనే ఆగాలి. తరువాత రెండు గాట్ల మధ్య ముక్కను సన్నని ఉలితో లోపలికి వంచితే కంకణం కుంచించుకుని ఊడివస్తుంది. ఓపికగా చేయవలసిన పని ఇది. తొందరపడితే ఎల్బో పాడై, అప్పుడు నిజంగానే గోడ పగలగొట్టవలసి వస్తుంది.

ప్రశ్న: బ్రాడీపేటలో అపార్టుమెంటులో ఉంటున్నాము. వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ విప్పుతుండగా విరిగి, మరలున్న ముక్క గోడలోనే ఉండిపోయింది. పైపులు లేత పసుపురంగు ప్లాస్టిక్‌వి. బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. నూనె, యాసిడ్ పోసి చూడమని పక్కింటివారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దయచేసి రెండూ పోయవద్దు. మీ ఇంట్లో ఉన్నది సీపీవీసీ అనే రకం ప్లాస్టిక్ పైపు అయి ఉంటుంది. పెట్రోలియం నూనెలు, స్ప్రేలు, అసిటోన్ వంటి ద్రావకాలు ఈ ప్లాస్టిక్‌ను లోలోపల బలహీనపరుస్తాయి. పైకి ఏమీ కనబడకపోయినా నీటి ఒత్తిడి కింద కొంతకాలానికి పగులుతుంది. పై జవాబులో ఇనుప పైపుకు చెప్పిన నూనె వైద్యం దీనికి వర్తించదు, నిప్పు సంగతి చెప్పనక్కరలేదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఇత్తడిని తినేస్తుంది, క్రోమియం పూతను లేపేస్తుంది. దానిని బ్లీచింగుతో కలిపితే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

తెల్లగా పేరుకున్నది ఎక్కువగా కాల్షియం కార్బనేటు, దానికి వెనిగర్ లేదా నిమ్మ ఉప్పు కలిపిన నీరు చాలు. ఆ నీటిలో ముంచిన దూదిని విరిగిన ముక్క మీద నొక్కి ఉంచితే బుడగలు వస్తూ ఉప్పు కరుగుతుంది. బుడగలు ఆగితే దూది మార్చండి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండటం మేలు, వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. కఠినత్వం ఎక్కువ ఉన్న ఇంట్లో యాంగిల్ కాక్‌లను మూడు నెలలకొకసారి పూర్తిగా మూసి తెరవకపోతే అన్నీ ఇలాగే తయారవుతాయి.

ముక్కను తీయడానికి హార్డ్‌వేర్ దుకాణంలో ఎక్స్‌ట్రాక్టర్ దొరుకుతుంది. కొసకు సన్నబడుతూ ఉండే ఈ గట్టి ఉక్కు ముక్కను విరిగిన రంధ్రంలో పెట్టి, సుత్తితో మెల్లగా దిగేసి, పానాతో ఎడమకు తిప్పాలి. మెల్లగా అన్నమాటను గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే మీ గోడలోని సీపీవీసీ ఎల్బోలో మరలున్న భాగం ఒక ఇత్తడి కంకణం, అది ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటుంది. బలం ఎక్కువైతే ఆ కంకణమే ప్లాస్టిక్‌లో గిర్రున తిరిగిపోతుంది. అలా తిరిగిందంటే ఆ ఎల్బో పనికిరాదు. సీపీవీసీ జాయింటుకు వాడే సిమెంటు రెండు ముక్కల పైపొరలనూ కరిగించి ఒకటిగా కలుపుతుంది కాబట్టి దానిని విడదీసే మార్గం లేదు. గోడ తెరిచి, పైపును కోసి, రెండు పైపు ముక్కలను కలిపే కప్లింగుతో కొత్త ఎల్బో వేయవలసిందే. అప్పుడు సిమెంటు డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా నీరు వదలకండి.

మీ కాక్ ఎందుకు విరిగిందో కూడా చూసుకోండి. విరిగిన చోట పసుపుగా కాక బూడిదరంగులో గరుకుగా ఉంటే, అది ఇత్తడి కాక జింకు మిశ్రమంతో పోత పోసిన చవక రకం కావచ్చు. గోడలో బిగించేదాని విషయంలో ఆ పొదుపు వద్దు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా సింగ్‌నగర్ ఇల్లు మునిగింది. అప్పటినుంచి సంపు పక్కనున్న గేటు వాల్వు సగంలో ఆగిపోయింది. బలంగా తిప్పవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తిప్పవద్దు. గేటు వాల్వులో ఒక పలక గాడిలోకి దిగి నీటిని ఆపుతుంది. వరద బురద ఆ గాడి అడుగున పేరుకుని గట్టిపడితే పలక చివరిదాకా దిగదు. పైన చక్రాన్ని బలవంతంగా తిప్పితే, చక్రం నుంచి కిందికి దిగే కడ్డీకీ (స్పిండిల్) పలకకూ మధ్య ఉన్న కొక్కెం విరుగుతుంది. ఆ తరువాత చక్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది, పలక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వాల్వు కట్టామనుకుని పైపు విప్పినవారి ఇల్లు తడిసేది ఇటువంటప్పుడే.

మోటారు మెయిన్ స్విచ్ ఆపి, సంపు ఖాళీ చేసి, వాల్వు పై కప్పును విప్పి పలకను బయటికి తీసి బురద కడగండి. సంపులోకి దిగవలసి వస్తే మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చిన తరువాత, పైన ఒక మనిషి ఉండగా మాత్రమే దిగాలి. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తక్కువగా ఉండి మనుషులు స్పృహతప్పడం కొత్త కాదు. కడిగినా పలక కదలకపోతే వాల్వును కోసేసి బాల్ వాల్వు పెట్టించండి. దాని పక్కనే ఒక యూనియన్, అంటే విప్పి మళ్ళీ బిగించగల జాయింటు, వేయమని తప్పక అడగండి. యూనియన్ ఉంటే తరువాత ఎప్పుడైనా పైపు కోయకుండానే వాల్వు బయటికి వస్తుంది. దాని ఖర్చు ఒక పూట కూలిలో చిన్న భాగం మాత్రమే.

ప్రశ్న: అరండల్‌పేటలో ఒంటరిగా ఉంటున్న రిటైర్డు ఉపాధ్యాయురాలిని. కుళాయి మార్చే చిన్న పనికి ప్లంబర్లు వస్తామని చెప్పి రారు. చివరకు వచ్చిన అబ్బాయి ఒకసారి తిప్పి చూసి, "అమ్మగారూ, ఇది రాదండీ, గోడ పగలగొట్టాలి, ఎంతవుతుందో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. వచ్చినందుకు డబ్బు కూడా అడిగాడు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ విసుగు నాకు అర్థమవుతుంది. నీరు కారే కుళాయితో ఒంటరిగా రోజులు గడపడం చిన్న బాధ కాదు. అయినా ఆ అబ్బాయి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పడం నా బాధ్యత.

కొత్త ఇంట్లో పది కుళాయిలు బిగించే పనికి ఎంత సమయం పడుతుందో ప్లంబరుకు ముందే తెలుసు, అందుకు తగ్గ ధర చెప్పగలడు. పాత ఇంట్లో ఒక్క కుళాయి ఊడదీయడానికి పది నిమిషాలు పట్టవచ్చు, సాయంత్రం కావచ్చు, దానిని చెయ్యి పెట్టేదాకా ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఎల్బో పగిలితే నీరు ఆపాలి, గోడ తెరవాలి, టైలు తేవాలి, చివరకు ఇంటివారు "నువ్వే పగలగొట్టావు" అంటారు. ముప్పై ఏళ్ళ తుప్పుకు ఆ రోజు వచ్చిన మనిషి బాధ్యుడు కాడు. అయినా నింద ఆయన మీదే పడుతుంది, ఒక్కొక్కసారి కూలి డబ్బులూ పోతాయి. అందుకే చాలామంది ఇటువంటి పనికి వస్తామంటూనే రారు. రాకపోవడం తప్పే, ముందే రానని చెప్పి ఉండాల్సింది. ఒకసారి తిప్పి చూసి ఆగిపోయి, ధర చెప్పలేనన్న ఆ ప్లంబరు అబ్బాయి మాత్రం నిజాయితీగా మాట్లాడాడని నా అభిప్రాయం. వచ్చిన సమయానికి డబ్బు అడగడం న్యాయమే.

ఈసారి పిలిచేటప్పుడు ఇల్లు ఎప్పటిదో, పైపు ఇనుమో ప్లాస్టికో, ట్యాంకు వాల్వు పనిచేస్తున్నదో లేదో, మిగిలిపోయిన పాత టైల్స్ ఇంట్లో ఉన్నాయో లేదో ఫోనులోనే చెప్పండి. వీలైతే ఎవరి చేతనైనా ఫొటో తీయించి పంపండి. అప్పుడు ఆయన తగిన పనిముట్లతో వస్తారు. పని మొదలు కాకముందే రెండు మాటలు తేల్చుకోండి: మామూలుగా ఊడివస్తే ఎంత, పగిలి గోడ తెరవవలసి వస్తే పూట కూలి ఎంత. పగిలితే సామాను ఖర్చు మీదేనని మీరే ముందుగా చెబితే ఆయన భయం సగం తగ్గుతుంది. ఇంట్లో ఉన్న మరో రెండు మూడు చిన్న పనులను కూడా కూడబెట్టి ఒకేసారి చెప్పగలిగితే ఆయనకు ఒక పూట పని పూర్తిగా గిట్టుబాటవుతుంది. మీ వీధిలో పాతకాలం నుంచి ఉన్న హార్డ్‌వేర్ దుకాణం వారిని అడగండి. కొత్త పనుల వారెవరో, పాత జాయింటుల దగ్గర ఓపిక ఉన్నవారెవరో వారికి తెలిసి ఉంటుంది. అటువంటి మనిషి దొరికితే బేరం ఆడకుండా అడిగినది ఇచ్చి, మళ్ళీ మళ్ళీ ఆయననే పిలవండి. గోడలో ఏ పైపు ఎటు పోతోందో తెలిసిన మనిషి విలువ మీ ఇంటికి ఏటేటా పెరుగుతుంది.

ప్రశ్న: టెఫ్లాన్ టేపు ఎటువైపు చుట్టాలి? ఎక్కువ చుడితే మంచిదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మరల కొసను మీవైపు తిప్పి పట్టుకుని గడియారపు ముల్లు తిరిగే దిక్కుకు చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి మడతలు పడుతుంది. ఎన్ని చుట్లు అన్నది టేపు మందాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర దొరికే పలుచని టేపుకు చుట్లు ఎక్కువే కావాలి, కానీ సీపీవీసీలోకి వెళ్ళే మరలకు మరీ లావుగా చుట్టి బలంగా బిగిస్తే ఫిట్టింగు పగులుతుంది. కుళాయి నోరు నేల వైపుకు సరిగ్గా రాలేదని బిగించినదాన్ని వెనక్కి తిప్పవద్దు. టేపు మీద ఒకసారి బిగిసిన మరను వెనక్కి తెస్తే అక్కడ నీరు కారుతుంది. పూర్తిగా విప్పి, పాత టేపు తీసేసి, కొత్తది చుట్టి మళ్ళీ బిగించాలి. గీజరుకూ వాష్‌బేసిన్‌కూ వేసే కనెక్షన్ పైపుల నట్లకు టేపు అసలు అవసరం లేదు. అక్కడ నీటిని ఆపేది నట్టు లోపలి రబ్బరు వాషరే కాబట్టి, కారుతుంటే టేపు చుట్టడం మాని వాషరు మార్చండి.